ట్యాబ్ ఇంటిల్లిపాదిదీ సరే, దాన్లో ఉన్న డేటా ఎవరిది?

ఫోన్ కి ఫింగర్ ప్రింట్, బ్యాంక్ యాప్ కి మళ్ళీ ఇంకో పిన్, ఇన్ని జాగ్రత్తలు పడే మనం సోఫా మీద పడుండే ట్యాబ్ కి మాత్రం చాలామందిమి ఏ లాకూ పెట్టం, పిల్లల కార్టూన్లకి కొన్నదే కదా అని. కానీ కొన్న రోజు దాన్ని ఎవరి జీమెయిల్ తో సెటప్ చేశాం? మనదే కదా. అంటే మెయిల్ కొచ్చే స్టేట్‌మెంట్లు, గూగుల్ లో బ్యాకప్ అయిన ఫోటోలు, క్రోమ్ లో సేవ్ చేసిన పాస్‌వర్డ్లు అన్నీ దాన్లోకీ వచ్చేస్తాయి. వాట్సాప్ లింక్ చేసుంటే ఫోన్ ఆఫ్ లో ఉన్నా చాట్లు వస్తూనే ఉంటాయి. మెయిల్లో ఉన్న ఈ-ఆధార్ కి పాస్‌వర్డ్ ఉందిగా అంటారేమో, అది పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. మనల్ని కాస్త ఎరిగిన ఎవరైనా తెరవగలరు.

పోయినేడు మా ట్యాబ్ డిస్‌ప్లే పగిలితే ఒక షాప్ లో ఇచ్చా, అతను పిన్ అడిగి స్టిక్కర్ మీద రాసి వెనకాల అతికించాడు. రెండు రోజులు అది కౌంటర్ మీదే ఉంది, వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేలా. నాకు ఇప్పటికీ కోపమే, అడిగాడని చెప్పేసిన నా మీద కూడా.

ట్యాబ్ పోతే ఏంటి, బ్లాక్ చేయిద్దాం అనుకుంటున్నారా? కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో పోయిన ఫోన్ ని బ్లాక్ చేసేది ఐఎంఈఐ నంబర్ తో, అంటే ప్రతి ఫోన్ కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్ తో. సిమ్ లేని వైఫై ట్యాబ్ కి అసలు ఆ నంబరే ఉండదు. ఇక అన్నిటికన్నా ముందు కావాల్సింది స్క్రీన్ లాకే. ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త డివైజ్లన్నిట్లో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే (లాక్ తీయందే చదవలేని రూపంలో) ఉంటుంది కానీ లాకే లేకపోతే దొంగ వేలితో ఒక్కసారి జరిపితే చాలు, మొత్తం తెరుచుకుంటుంది.

ఇంట్లో వాళ్ళ దగ్గర లాకేంటి, పిల్లాడు పిన్ చెప్పమని ప్రాణం తీస్తాడు అంటారు చాలామంది. అర్థమవుతుంది, కానీ చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్స్ లో సెట్టింగ్స్ కెళ్తే యూజర్స్ అని ఉంటుంది, పిల్లాడికి వేరే యూజర్ పెట్టేస్తే వాడి లోకం వాడిది. ఇళ్ళల్లో వాడే ఐప్యాడ్ కి యాపిల్ ఈ సౌకర్యం ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం.

అసలు గొడవ ట్యాబ్ తో కాదు. మన ఇళ్ళల్లో లాక్ అంటే దాపరికం, దాపరికం అంటే తప్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, మనం మాత్రం పదిహేనేళ్ళ పిల్ల పిన్ పెట్టుకుంటే ఏం దాస్తున్నావే అని నిలదీస్తాం. ఇంట్లోనే ఈ అలవాటు లేనివాళ్ళం బయట ఏం అడుగుతాం? 2022 డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో ట్యాబ్స్ ఇచ్చింది. పిల్లలు దాన్లో సినిమాలు చూస్తున్నారా అని నా చుట్టూ అందరూ తెగ వాదించుకున్నారు, వాళ్ళ డేటా ఏమవుతోందని అడిగినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు కూడా అంతే. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మీ పిల్లల బడి ట్యాబ్ ఇచ్చుంటే దాన్లో ఎవరి అకౌంట్ ఉంది, ఏ యాప్ ఏం తీసుకుంటోంది, బడి మారాక అదంతా ఎవరు చెరిపేస్తారు, ఈ మూడూ హెడ్మాస్టర్ గారిని కాగితం మీద రాసిచ్చి అడగండి.