అమ్మానాయినలను మే నెలలో హోబార్ట్ పిలవకండి

నల్లగొండలో మా ఇంటి వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, ఫోన్‌లో అప్పుడే 43 డిగ్రీలు చూపిస్తోంది. కూలర్ గాలి కూడా వేడిగానే తగులుతోంది. నిన్న పొద్దుగూకినాక పక్కింటి పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మానియా దీవిలో ఉన్న హోబార్ట్‌లో ఆమె కొడుకు ఉంటాడు. అతని దగ్గరికి ఆమె, పెద్దనాయన వచ్చే వారమే బయలుదేరుతున్నారు. "ఆడ మస్తు సల్లగుంటదంట గద బిడ్డా, ఈ ఎండల బాధ తప్పుతది" అంది. ఆమె సంబరం చూసి నాకు నోరు రాలేదు. నేనుండేదీ హోబార్ట్‌లోనే. నాలుగేళ్ల కింద నేనూ సరిగ్గా ఇలాగే ఆలోచించి మా అమ్మానాయినలను మే నెలలోనే తీసుకెళ్లాను.

చల్లని ఊరు అనగానే మనకు మనసులో మెదిలేది వాన వెలిసిన సాయంత్రం. హోబార్ట్ చల్లదనం అది కాదు. దక్షిణాన దాదాపు 43 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఊరది. దిగువన అంటార్కిటికా దాకా సముద్రమే. మన రోళ్లు పగిలే రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నెలలో పగటి వేడి సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. జూన్, జులైల్లో 12కి దిగుతుంది, తెల్లవారుజామున నాలుగైదు. నదికి ఎగువన, లోయల్లో ఉండే మాలాంటి వాళ్లకు ఇంకా తక్కువ. కొన్ని పొద్దుల్లో డెర్వెంట్ నది మీదుగా పొగమంచు పాములా పాక్కుంటూ ఊళ్లోకి దిగుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, కిటికీ లోపలి నుంచి.

జూన్‌లో ఇంకో కష్టం, చీకటి. ఏడున్నర దాటాక గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదు కాకముందే వెళ్లిపోతాడు. పగలంతా కలిపితే తొమ్మిది గంటలే. మన దగ్గర ఎంత చలికాలమైనా పదకొండు గంటల పగలుంటుంది. పొద్దున లేచి వాకిట్లో నిలబడి నలుగురితో మాట్లాడటం అలవాటైన మనుషులకు ఆ చీకటి ఎంత బరువో మనం పనుల హడావుడిలో గమనించం.

ఒకరోజు పొద్దున నాయిన పెరట్లో తీగ మీద రాత్రి మరిచిపోయిన లుంగీ తీసుకొచ్చాడు. అది అట్టలా బిగుసుకుపోయింది. గుమ్మంలో నిలబడి మడవబోతే మంచు పలుకులు రాలి గచ్చు మీద పడ్డాయి. నాయిన ఏమీ అనలేదు. దాన్ని హీటర్ ముందు కుర్చీ మీద ఆరేసి తనూ పక్కనే కూర్చున్నాడు. అమ్మకు అప్పటికే మోకాళ్లు పట్టేసి బాత్రూమ్ దాకా నడవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆ రాత్రి నాయిన "ఇంటికి పోతం బిడ్డా" అన్నాడు. మూడు నెలలకని వచ్చిన వాళ్లు ముప్పై ఎనిమిదో రోజున విమానం ఎక్కారు.

తర్వాత రెండేళ్లకు మళ్లీ వచ్చారు, ఈసారి జనవరిలో. అదే ఇల్లు, అదే పెరడు. జనవరి, ఫిబ్రవరిల్లో హోబార్ట్ పగలు 22, 23 డిగ్రీలు. రాత్రి మాత్రం 12, 13కి దిగుతుంది, అంటే మన సంక్రాంతి చలికన్నా అక్కడి ఎండకాలపు రాత్రే చల్లన. అందుకే ఆ నెలల్లో కూడా స్వెట్టర్, గొంగడి తప్పనిసరి. గాలి చల్లగా ఉందని టోపీ లేకుండా తిరిగితే చర్మం కమిలిపోతుంది, అక్కడి ఎండ అలాంటిది. ఎప్పుడైనా ఉత్తరం గాలి తిరిగితే 40 కూడా తాకుతుంది. 2013 జనవరి 4న 41.8 నమోదైంది. కానీ అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేవే. ఎనిమిది దాటినా వెలుగుండేది. నాయిన రోజూ సాయంత్రం మనవడిని తీసుకుని నది ఒడ్డుకు నడిచేవాడు. బడి సెలవులు కాబట్టి వాడూ ఇంట్లోనే ఉన్నాడు. మే నెలలో వచ్చినప్పుడు వాడు బడి నుంచి వచ్చేసరికే చీకటి ముసురుకునేది.

నాయిన ఒకరోజు వాన గురించి అడిగాడు. హోబార్ట్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, నల్లగొండ కన్నా తక్కువ. పడమటి గాలులు తెచ్చే తేమ అక్కడి పడమటి కొండల మీదే కురిసిపోతుంది. మనకు పడమటి కనుమలు చేసేదీ అదే కదా. అయితే అక్కడ ఆ కాస్త వాన పన్నెండు నెలలకూ సర్దుకుని పడుతుంది. అది విని నాయిన చాలాసేపు ఆలోచించి, "గట్ల పడితే మనకు బోర్లే అక్కర్లేకపోవు" అన్నాడు.

మే నెలే ఎందుకంటే వాళ్లకు పనిలేని కాలం అదే, నిజమే. నవంబరు నుంచి పత్తి ఏరాలి, ఆ వెంటనే యాసంగి నాట్లు. అయినా జనవరి చివరికి నాట్లు అయిపోతాయి. అప్పుడు బయలుదేరితే ఆరేడు వారాలు హాయిగా ఉండొచ్చు. మార్చి నడిమికల్లా తిరిగొస్తే కోతలూ అందుతాయి, నడి ఎండల్లో దిగే బాధా ఉండదు. నీళ్లు పెట్టడానికి ఒక మనిషిని మాట్లాడి, ఆ కూలి మనం పంపాలి. విమానం టికెట్‌తో పోలిస్తే అదెంత?

హోబార్ట్‌లోని మన తెలుగు సంఘం వాళ్లకూ ఒక మాట. తల్లిదండ్రుల కోసం పెట్టే కార్యక్రమం జులైలో వద్దు. ఫిబ్రవరిలో పగటిపూట, బయట పచ్చిక మీద పెట్టండి. గత జులైలో హాల్లో మూలకు కోట్లు కప్పుకుని కూర్చున్న పెద్దవాళ్లను చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

నల్లగొండ ఎండ తక్కువదని నేననడం లేదు. ఇక్కడ ఏటా వడదెబ్బకు మనుషులు పోతున్నారు. ఆ భయంతోనే కదా మనం పిలిచేది. కానీ 43 నుంచి ఒక్క రోజులో 12కి దింపితే డెబ్బై ఏళ్ల ఒళ్లు తట్టుకోదు. ఇంట్లో ఒక గదికి మంచి ఏసీ పెట్టించి, కరెంటు పోతే నడిచేలా ఇన్వర్టర్ పెట్టించడం మేలు.

పెద్దమ్మ కొడుక్కి ఈ రాత్రి ఫోన్ చేస్తాను. తేదీ మార్చే వీలుందేమో అడుగుతాను. వీల్లేదంటే రేపు పొద్దున వాళ్లింటికి వెళ్లి సూట్‌కేస్ విప్పాలి. నిన్న చూశాను, పైనుంచి కిందిదాకా అన్నీ పల్చటి నూలు చీరలే.