కూకట్‌పల్లి మీదుగా బొంబాయి రోడ్డు: హైవేను వీధిగా ఎప్పుడు గుర్తిస్తారు?

హైదరాబాద్‌లో బొంబాయి రోడ్డు అన్న పేరు రెండు దారులకు ఉంది. మెహిదీపట్నం, టోలిచౌకి, షేక్‌పేట, గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి చేరేది పాతది. దూరప్రయాణికుల మజిలీ కోసం కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన సరాయి ఒకటి ఆ దారిలో షేక్‌పేట దగ్గర నేటికీ నిలిచి ఉంది. అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్‌ల గుండా సాగి, లింగంపల్లి దగ్గర పాత దారిని కలుపుకుని, రామచంద్రాపురం, పటాన్‌చెరు దాటి పోయేది రెండోది. నగరం పడమరకు పెరిగిన తీరు తెలుసుకోవాలంటే ఈ రెండో రోడ్డునే చూడాలి.

దీనికి ఊపిరి పోసినవి కర్మాగారాలు. సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్‌కు 1874లోనే రైలు మార్గం పడింది. లింగంపల్లి వైపు రైలు, రోడ్డు దగ్గరదగ్గరగా సాగడం, చుట్టూ విశాలమైన భూములు ఉండటం పరిశ్రమలకు కలిసొచ్చాయి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు దగ్గర అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిశాయి. నగరం వైపు చివరన సనత్‌నగర్‌లో అంతకుముందే పారిశ్రామికవాడ ఉంది. పని ఉన్నచోటికి జనం వచ్చారు, జనం కోసం కాలనీలు వచ్చాయి, హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీ తానే ఒక పట్టణమంత అయింది. ఆల్విన్ కంపెనీ కనుమరుగై ఏళ్లు గడిచినా, ఆల్విన్ చౌరస్తా అన్న పిలుపు మాత్రం ప్రయాణికుల నోట బతికే ఉంది. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక కేపీహెచ్‌బీ హాస్టళ్లు, అద్దె ఇళ్లు ఐటీ ఉద్యోగులతో నిండాయి. అప్పటిదాకా ప్రధానంగా నగరానికీ ఫ్యాక్టరీలకూ మధ్య సాగిన రాకపోకలకు మాదాపూర్ వైపు అడ్డంగా మళ్లే రద్దీ తోడైంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రికార్డుల్లో ఇది పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. కానీ 2007లో కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రామచంద్రాపురం, పటాన్‌చెరు మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. నగరంతో పనిలేని లారీలు పక్కనుంచి వెళ్లిపోయేందుకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఇంత మారినా, ఈ రోడ్డు మీద ఏ పని తలపెట్టినా వాహనం ఎంత వేగంగా సాగిపోతుందన్నదే మొదటి ప్రశ్నగా ఉంటోంది. ఇటు బడి, అటు ఇల్లు ఉన్న మనిషి ఎలా దాటాలన్నది చివరికి మిగిలిపోతోంది. ఇది మారాలి.

సాయంత్రం ఆరున్నరకు జేఎన్‌టీయూ స్టాప్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. 218 నంబరు బస్సు ఆటోల వరుస దాటి నడిరోడ్డు మీదే ఆగుతుంది. కోఠీ వైపు నుంచి నిలబడే వచ్చినవాళ్లు ఒకరి వెనుక ఒకరు వాహనాల మధ్యకే దిగుతారు. కూరగాయల సంచీ పట్టుకున్న పెద్దావిడ సగం రోడ్డు దాటి, మెట్రో స్తంభం పక్కన డివైడర్ మీద ఆగిపోతుంది. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, మరో చేత్తో సంచీ. బైకుల మధ్య సందు దొరికేదాకా ఆమె అక్కడే.

2017 నవంబరులో మెట్రో వచ్చాక స్టేషన్ ఉన్నచోట మెట్లెక్కి అవతలకు దిగే వీలు కలిగింది, ఆ మేలును తక్కువ చేయలేం. అయితే ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ నడుమ కిలోమీటరు దూరం ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు అంత దూరం నడిచి, మెట్లెక్కి, మళ్లీ వెనక్కి రారు. వారు నేల మీదే దాటుతారు. కాబట్టి దాటే చోటు నేల మీదే ఉండాలి, సిగ్నల్‌లో వారికి సరిపడా సమయమూ ఉండాలి.

మియాపూర్ అవతల ఈ పని ఇంకా సులువు. అటు పటాన్‌చెరు దాకా మెట్రోను పొడిగించే ప్రతిపాదన రెండో దశలో ఉంది. స్తంభాల జాగా ఖరారయ్యాక పాదచారికి మిగిలేది అంచులే. చందానగర్‌లో, రామచంద్రాపురంలో జనం ఇప్పుడు ఎక్కడెక్కడ దాటుతున్నారో ముందే లెక్కగట్టి, ఆ చోట్లను నక్షా మీద గుర్తుపెట్టి, వాటిని విడిచి స్తంభాలకు చోటు చూడాలి.