స్కూటరు ఎడమ పక్క కవరు విప్పకండి

పొద్దున్నే నా స్కూటర్ల రిపేరు షెడ్డు షట్టరు ఎత్తేలోపు ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా మేనత్త కొడుకు. "నిజమేనా బావా?" అని అడిగి ఉంటే సంతోషించేవాణ్ణి. "మన షెడ్డులో కూడా ఇలా చేసెయ్ బావా" అని రాశాడు. వారం రోజులుగా అంబాజీపేట నుంచి రాజోలు దాకా నాకు తెలిసినవాళ్లంతా దాన్నే తిప్పుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ సారాంశం ఇది. "మంచు మీద నడిచే టర్బో స్నోమొబైల్‌కీ మీ గేర్లు లేని స్కూటరుకీ క్లచ్ ఒకటే. అమెరికావాళ్ల ట్యూనింగ్ రహస్యం ఇదిగో" అని మొదలవుతుంది. తర్వాత ఆరు చిట్కాలు. తేలిక రోలర్లు వేస్తే పికప్పు, మైలేజీ, టాప్ స్పీడు మూడూ పెరుగుతాయట. వెనక స్ప్రింగు దొరికినంత గట్టిది వేయాలట. బెల్టుకి కాస్త గ్రీజు రాయాలట. బెల్టు చల్లగా ఉండటానికి ఎడమ పక్క కవరు తీసేయాలట, లేదంటే దానికి రంధ్రాలు కొట్టాలట. వరద నీళ్లలో యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పి పట్టుకోవాలట. బండి లాగకపోతే ఇంజన్ విప్పేముందు క్లచ్ చూసుకోవాలట. చివర మామూలే, పదిమందికి పంపండి.

క్లచ్ ఒకటే అన్న మాటలో తప్పు లేదు. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో బెల్టు. 1958లో హాలండ్‌లో డాఫ్ కారు ఈ పద్ధతితోనే వచ్చింది. మన దేశంలో 1984లో కైనెటిక్ హోండా రోడ్డెక్కింది కూడా దీనితోనే. మన స్కూటరు ముందు పుల్లీలో రోలర్లనే చిన్న గుండ్రటి బరువులుంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ అవి బయటికి జరిగి పుల్లీని మూస్తాయి, బెల్టు దాని అంచు వైపు ఎక్కుతుంది. స్నోమొబైల్‌లో ఆ రోలర్లకి బదులు ఊగే బరువులుంటాయి. వెనక పుల్లీలో ఏటవాలు గాడి అక్కడా ఉంది, మన స్కూటరులోనూ ఉంది. సూత్రం ఒకటే కాబట్టే, అక్కడివాళ్లు ఏం చేస్తారో రాసినవాడు సరిగ్గా చదువుకుని రాయాల్సింది. తలకిందులుగా రాశాడు.

టర్బో పెట్టిన స్నోమొబైల్‌లో బరువులు తగ్గించరు, పెంచుతారు. టర్బో గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది, ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుంది. పాత బరువులే ఉంచితే ఇంజన్ తనకు మంచిదైన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటి పరిగెడుతుంది. వాళ్ల పెద్ద టూ స్ట్రోక్ ఇంజన్లు 8000 దగ్గర్లో పూర్తి బలం ఇస్తాయి. దాన్ని అక్కడే పట్టి ఉంచడానికి బరువు కలుపుతారు. బరువు తగ్గించేది టర్బో లేనివాళ్లు, అదీ కొండల మీదికి వెళ్లేటప్పుడు. ప్రతి 1000 అడుగుల ఎత్తుకీ గాలి పలచబడి ఇంజన్ బలం సుమారు 3 శాతం పడిపోతుంది కాబట్టి తగ్గిస్తారు. 2020 మోడల్‌గా వచ్చిన స్కీ-డూ 165 హార్స్‌పవర్ టర్బో బండిని, 8000 అడుగుల ఎత్తు దాకా బలం పడిపోకుండా ఉండటానికే తయారు చేశారు. ఆ లెక్క తెచ్చుకుని మనం ఏం చేసుకుంటాం? సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్లు మనవి. మన దగ్గర ఎక్కడమంటే చించినాడ వంతెన ఎక్కడమే.

ఇక రోలర్లు. రోలరు బయటికి తోసే బలం దాని బరువు మీద, ఆర్‌పీఎం వర్గం మీద ఆధారపడుతుంది. బరువు 10 శాతం తగ్గిస్తే, అంతే బలంతో పుల్లీని మూయడానికి ఇంజన్ సుమారు 5 శాతం ఎక్కువ తిరగాలి. 5500 దగ్గర సర్దుకునే ఇంజన్ 5800 దగ్గర సర్దుకుంటుంది. అందువల్ల కదిలేటప్పుడు బండి చురుగ్గా అనిపిస్తుంది, నిజమే. కానీ అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంటే పెట్రోలు ఎక్కడ మిగులుతుంది? మనవి కాలవగట్టు రోడ్లు, బల్లపరుపుగా ఉంటాయి. ఇలాంటి చోట తేలిక రోలర్లు మైలేజీ తింటాయి. టాప్ స్పీడంటారా, బెల్టు ముందు పుల్లీ అంచు దాకా ఎక్కాక ఇంకా ఎక్కడానికి చోటు లేదు. రోలరు మార్చితే పుల్లీ పెద్దదవదు. మరీ తేలికవి వేస్తే బెల్టు ఆ అంచు దాకా కూడా వెళ్లకపోవచ్చు, ఉన్న స్పీడు తగ్గుతుంది.

అయితే ఇందులో ఒక సంగతి ఒప్పుకుంటాను. పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు వేసుకుని రోజూ వంతెనలు ఎక్కేవాళ్లకి కొద్దిగా తేలిక రోలర్లు పనికొస్తాయి. మా ఊరి పాలాయనకి నేనే వేశాను, మైలేజీ కొంచెం తగ్గుతుందని ముందే చెప్పి వేశాను. ఆయన లెక్క వేసుకుని సరే అన్నాడు. సెట్టింగ్ అంటే అది. ఏ ఇంజన్, ఎంత బరువు, ఏ రోడ్డు అని చూసుకుని వేసేది. క్లచ్ కొత్తగా బలం పుట్టించదు. ఇంజన్‌కి ఉన్న బలం ఏ ఆర్‌పీఎంలో ఉందో అక్కడ దాన్ని నిలబెడుతుంది, అంతే. అందరికీ ఒకే రోలరు చెప్పేవాడికి ఈ పని తెలియదు.

స్ప్రింగు గురించి రాసినవాడు రెండు వేర్వేరు స్ప్రింగులని కలిపేశాడు. వెనక చక్రానికి బలం అందించే క్లచ్ షూల దగ్గర ఉండే చిన్న స్ప్రింగులు వేరు, వెనక పుల్లీని నొక్కే పెద్ద స్ప్రింగు వేరు. చిన్నవి గట్టివైతే క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది, సంతరోజు జనంలో మెల్లగా నడిపేటప్పుడు షూలు జారి కాలుతాయి. పెద్దది మరీ గట్టిదైతే బెల్టు అనవసరంగా నలుగుతుంది, వేడెక్కుతుంది, పుల్లీలు పూర్తిగా సర్దుకోవు. బరువు పడినప్పుడు బెల్టుని గట్టిగా పట్టుకునే పని ఆ ఏటవాలు గాడి చూసుకుంటుంది. స్ప్రింగు దానికి తోడు మాత్రమే. ఇంకొకటి. వెనక పుల్లీ నట్టు కింద ఆ పెద్ద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. మెసేజ్ చూసి ఇంట్లో విప్పిన ఒక కుర్రాడికి నట్టు ఊడి కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను. నొక్కి పట్టే పనిముట్టు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

బెల్టుకి గ్రీజు వద్దు. బెల్టు పనిచేసేదే రాపిడితో.

ఇక నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది కవరు సంగతి.

గేర్లు లేని స్కూటరుకి బెల్టు, పుల్లీలు ఉండేది ఎడమ పక్కనే. మన ఇళ్లలో ఆడవాళ్లు వెనక కూర్చునేది ఎటు తిరిగి? ఎడమ పక్కకే. కాళ్లు వేలాడేదీ, చీర కుచ్చిళ్లు జారేదీ, ఒళ్లో పిల్లవాడి కాలు ఆడేదీ సరిగ్గా ఆ కవరు మీద. ఇంజన్ 5000 ఆర్‌పీఎంలో ఉంటే ముందు పుల్లీ సెకనుకి 80 సార్లకు పైగా తిరుగుతుంది. దానికి చీర కొస అందితే "ఆపు" అనే లోపు ఏమవుతుందో రాయడానికి నా చెయ్యి రావట్లేదు. వెనక కూర్చున్న మనిషి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం దాకా రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. తిరిగే చక్రానికే అడ్డు పెట్టమని చట్టం చెబుతుంటే, అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా తిరిగే పుల్లీని తెరిచి పెట్టమని ఈ మెసేజ్ చెబుతోంది. దాన్ని మీరు పదిమందికి పంపారు. పంపేముందు మీ ఇంట్లో వెనక సీటు మీద ఎవరు కూర్చుంటారో గుర్తు రాలేదా?

"అమెరికాలో తీస్తారు కదా" అంటున్నారు. తీయరు. గాలి ఆడటానికి స్నోమొబైల్ పక్క ప్యానెళ్లకి జాలీలు పెట్టించుకునేవాళ్లు ఉన్నారు, ఆ మాట నిజం. కానీ ప్యానెలు లోపల క్లచ్ మీద గార్డు వేరే ఉంటుంది. ఆ గార్డు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. పరుగులో తెగిన బెల్టు ముక్క, విరిగిన బరువు ఎటు దూసుకొస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి.

పోనీ, కవరు తీస్తే చల్లబడుతుందా అంటే అదీ లేదు. ముందు పుల్లీ ముఖానికి ఫ్యాన్ రెక్కలు ఉన్నాయి, ఎప్పుడైనా చూశారా? అవి దారి గుండా గాలిని లాగి, కవరు లోపల బెల్టు పొడవునా నడిపి బయటికి తోస్తాయి. కవరు ఉంటేనే ఆ గాలికి ఒక దారి ఉంటుంది. తీసేస్తే రెక్కలు ఊరికే తిరుగుతాయి. పైగా యాక్టివా లాంటి బళ్లలో కిక్ ఉండేది ఆ కవరులోనే. బ్యాటరీ దిగిపోయిన రోజు బండి తోసుకుంటూ ఇంటికి వెళ్లాలి.

రంధ్రాలు కొట్టించుకున్న బండి ఒకటి పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. "బెల్టు జారుతోంది బాబాయ్" అన్నాడు కుర్రాడు. కవరు విప్పితే లోపల కొబ్బరి పీచు ఉండలు కట్టి ఉంది. తడిసిన పీచు, కాలవగట్టు బురద, ఇసుక. పుల్లీ ముఖాలు గీతలు పడిపోయాయి. బెల్టు పక్కలు అరిగి సన్నబడ్డాయి. రెండు రంధ్రాల కోసం బెల్టు, ముందు పుల్లీ రెండూ మార్చాల్సి వచ్చింది. మంచులో తిరిగే బండికి పీచు లేదు, ఊడ్పుల కాలంలో రోడ్డు మీద ట్రాక్టర్లు రాల్చే బురద లేదు. మనకి రెండూ ఉన్నాయి.

ఇంకొకాయన కవరు పూర్తిగా తీసేసి, భార్యని, రెండేళ్ల పాపని ఎక్కించుకుని వచ్చాడు. హారన్ పనిచేయట్లేదట, అది చూడమన్నాడు. "అమ్మా, ముందు మీరు దిగండి" అన్నాను. ఆవిడ పైట కొంగు పుల్లీకి జానెడు దూరంలో వేలాడుతోంది. పాత సామాన్లలో వెతికి సరిపోయే కవరు ఒకటి తీసి, ఆయన వద్దంటున్నా వినకుండా బిగించాను. హారన్ తర్వాత చూశాను. ఆయన కోపంగానే వెళ్లాడు.

వరద నీళ్ల సంగతి. ఎదురుబిడియం కాజ్‌వే మీద నీళ్లు ఎక్కినప్పుడు బండి దింపొద్దని మనవాళ్లకి ఎవరో చెప్పాలా? 2022 జూలైలో లంకలన్నీ ఎలా ఉన్నాయో చూసినవాళ్లమే. బెల్టు గదిలోకి నీళ్లు చేరాక బెల్టు జారుతుంది. ఇంజన్ అరుస్తుంది, చక్రం కదలదు. అప్పుడు ఫుల్లుగా తిప్పి పట్టుకుంటే జారే చోటే బెల్టు కాలిపోతుంది. ఇంజన్ ఆపి, తోసుకుంటూ వెనక్కి రండి. లోపలి నీళ్లు కారి, బెల్టు ఆరాకే స్టార్ట్ చేయండి.

మిగిలింది ఆరో చిట్కా. బండి లాగకపోతే ఇంజన్ విప్పేముందు క్లచ్ చూడమన్నది. అది నిజం. మెసేజ్ మీద ఎంత కోపంగా ఉన్నా ఆ మాట కొట్టిపారేయలేను. కొన్నేళ్ల కిందట టిఫిన్ బండి నడిపే ఒకాయన స్కూటరు వంతెన ఎక్కట్లేదని తెస్తే, పొగ కొద్దిగా కనిపించిందని నేను ఇంజన్ విప్పి బోరు చేయించాను, అంటే సిలిండరు లోపలి గోడ మళ్లీ చెక్కించాను. బండి మళ్లీ అలాగే లాగలేదు. అప్పుడు ముందు పుల్లీ విప్పితే ఆరు రోలర్లూ ఒక పక్క అరిగి చదునుగా ఉన్నాయి. దొర్లాల్సినవి ఇరుక్కుపోతున్నాయి. రోలర్లు, బెల్టు మార్చగానే బండి వంతెన ఎక్కేసింది. బోరు కూలీ ఆయనకి తిరిగి ఇచ్చేశాను కానీ, నాలుగు రోజులు ఆయన వ్యాపారం ఆగింది. అది నేను ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి లాగని బండి వస్తే ముందు ఎడమ పక్కే విప్పుతున్నాను. రోలర్లు చేత్తో తిప్పి చూస్తాను, బెల్టు వెడల్పు కొలుస్తాను, ఆ తర్వాతే ఇంజన్.

మీ బండికి ఇప్పటికే కవరు తీసేసి ఉంటే, రంధ్రాలు కొట్టి ఉంటే, ఈ రోజే తీసుకురండి. దొరికితే పాత కవరు బిగిస్తాను, లేకపోతే తెప్పిస్తాను. బిగించినందుకు కూలీ తీసుకోను. అప్పటిదాకా వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి.