సవరణ: కప్పు బాదం, కప్పు బాదం పొడి ఒకే బరువు కాదు

బాదం, జీడిపప్పు, అక్రోట్లు ఏవైనా కప్పుకు 150 గ్రాములని ఇదివరకు రాశాం. అది తప్పు. కప్పు కొలిచేది చోటును, బరువును కాదు. పలుకుల మధ్య ఎంత ఖాళీ మిగిలిందన్నదే అసలు లెక్క.

240 మిల్లీలీటర్ల కప్పులో గుండు బాదంపప్పు సుమారు 140 గ్రాములు పడుతుంది. అదే పల్చటి రేకులుగా తరిగితే 90 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రేకులు అడ్డదిడ్డంగా ఒకదానిమీద ఒకటి నిలబడతాయి. మెత్తటి పొడి 95 నుంచి 100. అక్రోట్లది తిరకాసు: సగం బద్దలు 100 గ్రాములే, తరిగితే ముక్కలు సందుల్లో సర్దుకుని 115 నుంచి 120 దాకా వస్తాయి. జీడిపప్పు 130 నుంచి 140.

పాత లెక్క ఎక్కువ దెబ్బ తీసేది పొడి దగ్గరే. కప్పు పొడికి బదులు 150 గ్రాములు వేస్తే అది కప్పున్నర. పిండి గట్టిపడి, కేకు పొంగక బరువుగా దిగుతుంది. అలా చెడినవాళ్లకు క్షమాపణలు.

పొడిని చెంచాతో వదులుగా నింపి, పైన కత్తి వీపుతో చదును చేయండి. కప్పును నేలకు తట్టొద్దు, అదిమి నొక్కొద్దు. ‘కప్పు అక్రోట్లు, తరిగినవి’ అంటే కొలిచాక తరగాలి. ‘కప్పు తరిగిన అక్రోట్లు’ అంటే తరిగాకే కొలవాలి. కొన్ని వంటకాల్లో కప్పంటే 250 మిల్లీలీటర్లు, అప్పుడు పై అంకెలకు నాలుగు శాతం కలపండి. బేకింగ్‌కు మాత్రం తూకమే నమ్మండి.