పాయింట్లు సరే, ముందు లెక్క చూసుకోవాలి
ప్రతి ఖర్చూ క్రెడిట్ కార్డు మీదే పెడితే రివార్డు పాయింట్లు (వాడినందుకు కార్డు కంపెనీ ఇచ్చే ప్రతిఫలం) ఊరికే వస్తాయని క్రెడిట్ కార్డుల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. మా శ్రీకాకుళంలో అది సగమే నిజం. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల చిన్న కిరాణా, టిఫిన్ కొట్లలో స్వైప్ మిషన్ ఎక్కడుంటుంది, గల్లాపెట్టె పక్కన క్యూఆర్ స్టిక్కరే. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుంటే అక్కడా వాడొచ్చు. కానీ ఆ క్యూఆర్ వ్యాపారి పేరున తీసుకున్నదై ఉండాలి, కొట్టువాళ్లు సొంత నంబరుది అంటించుకుంటే కార్డు పనిచేయదు. ఇక బంగారం సంగతి. మొన్న మా చెల్లి పెళ్లికి గొలుసు కొంటే, కార్డయితే 2 శాతం అదనం అన్నారు. 60 వేల బిల్లుకు 1,200 రూపాయలు! నాకొచ్చే పాయింట్ల విలువ చూస్తే 600 దాటదు. ఖాతా నుంచే కట్టేశాను. అన్నిటికన్నా ముఖ్యం, గడువులోగా బిల్లు మొత్తం కట్టడం. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే చిన్న మొత్తం, కట్టి ఊరుకుంటే మిగతా దాని మీద చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైగా కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. వ్యాసంలో దీని ఊసే లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారు, దయచేసి ఇది కూడా చేర్చండి.