మొదటి డబ్బాలో ఏం ఉండాలి?

ఎలక్ట్రానిక్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తమ విడిభాగాల డబ్బా కోసం చిన్న ట్రాన్సిస్టర్లలో 2ఎన్3904, మోటార్లు నడపడానికి ఐఆర్ఎఫ్540 అనే మాస్‌ఫెట్ (పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) కొనుక్కోమని ఒక వ్యాసంలో రాశారు. మొదటిదానితో పేచీ లేదు. కానీ మన దగ్గర, హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే గుజరాతీ గల్లీలో ఏ కొట్టుకెళ్లినా ముందు చేతికిచ్చేది బీసీ547 అనే ట్రాన్సిస్టర్. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాళ్ల వరుస మాత్రం తలకిందులు. చదునైన వైపు మనకేసి తిప్పి పట్టుకుంటే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండూ ఒకే డబ్బాలో కలపకండి, దయచేసి.

ఐఆర్ఎఫ్540 సంగతే నాకు నచ్చలేదు. దాని గేటుకు (ఆన్, ఆఫ్ చేసే కాలుకు) 10 వోల్టులిస్తేనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆర్డుయినో యూనో లాంటి చిన్న కంట్రోలర్ బోర్డు ఇచ్చేది 5 వోల్టులే. మోటారు తిరుగుతుంది కానీ మాస్‌ఫెట్ కాలిపోయేంత వేడెక్కుతుంది, పిల్లలు తప్పు తమదే అనుకుని వదిలేస్తారు. దాని బదులు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ కొనండి, 5 వోల్టులకే చక్కగా పనిచేస్తుంది. మోటారు రెండు కొసల మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి.

7805 (ఎక్కువ వోల్టేజీని 5 వోల్టులకు దించే రెగ్యులేటర్) కూడా ఉంచుకోవాల్సిందే, అయితే హీట్‌సింక్‌తో (వేడిని లాగే లోహపు రేకుతో) కలిపి. 12 వోల్టుల అడాప్టర్ నుంచి అర ఆంపియర్ లాగితే మూడున్నర వాట్లు వేడిగానే పోతాయి, వేలు పెట్టలేం.

ఐసీల్లో 555 (టైమర్), ఎల్ఎం358 (యాంప్లిఫైయర్) నాలుగైదు చొప్పున, వాటిని గుచ్చడానికి ఐసీ బేస్‌లు (సాకెట్లు) తీసుకుంటే చాలు. ఐసీని నేరుగా బోర్డుకు సోల్డర్ చేస్తే, పోయినప్పుడు ఎనిమిది కాళ్లూ ఊడదీయడం నరకం. మిగతావి ప్రాజెక్టును బట్టి కొనుక్కోవచ్చు.