ఉమ్మడి గొడ్డుకు మేత ఎవరు వేయాలి?

ఒకే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసిన ఇద్దరి మధ్య వాదన ఇది. ఆమె సీనియర్, పశువుల జన్యు సమాచారాన్ని అందరికీ అందించే ఒక డేటాబేస్ పని చూస్తుంది. అతను జూనియర్, ఒక బ్రీడింగ్ కంపెనీలో శాస్త్రవేత్త. ల్యాబ్ రోజుల నుంచీ అక్కా, తమ్ముడూ అనే పిలుచుకుంటారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే నిధుల కమిటీలో ఉన్నారు. అక్కడికొచ్చిన ప్రతిపాదన ఏమిటంటే, పశు జన్యు పరిశోధనకు వచ్చే డబ్బును ప్రాజెక్టులకు పంచకముందే కొంత వాటా తీసి ఉమ్మడి వనరులకు పెట్టాలని. అంటే డేటాబేస్‌లు, ప్రామాణిక జన్యుక్రమాలు, డీఎన్ఏ నిల్వలు, ప్రయోగాల కోసం తరతరాలుగా పెంచుతున్న జంతు వంశాలు. మనుషులు, కమిటీ నేను కల్పించినవి. వాళ్ల నోట వచ్చే పరిశోధనలు మాత్రం నిజంగా జరిగినవి. నా మొగ్గు అక్క వైపే, ముందే చెబుతున్నాను. అయినా తమ్ముడి ప్రశ్నలను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

తమ్ముడు: ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదక్కా. అందరిదీ అన్నది ఎవరిదీ కాదు. డబ్బంతా ప్రాజెక్టులకే ఇవ్వండి. మంచి ప్రశ్న ఉన్నవాడు పోటీలో గెలిచి తీసుకుంటాడు. డేటాబేస్ కావలసినవాడు తన గ్రాంటులోంచి దానికి చెల్లిస్తాడు. ముందే వాటా తీసేస్తే దాని మీద పోటీ ఉండదు, జవాబుదారీ ఉండదు.

అక్క: ఆ గొడ్డు ఎందుకు చచ్చింది? ఉమ్మడిది అయినందుకు కాదు, మేత వేసే మనిషిని పెట్టనందుకు. నేనడిగేది ఆ మనిషి జీతమే. అమెరికాలో వ్యవసాయ పరిశోధన కేంద్రాలు పశు జన్యు పరిశోధన కోసం ఎన్ఆర్ఎస్‌పీ-8 అని ఒక కార్యక్రమం నడుపుతూ వచ్చాయి. కేంద్రాలకు వెళ్లాల్సిన నిధుల్లోంచి ముందే కొంత తీసి, ఆవులు, పందులు, కోళ్లు, గొర్రెలు, గుర్రాలు, ఇలా ఒక్కో జాతికి ఒక్కో సమన్వయకర్తను పెట్టారు. 1990లలో పందుల సమన్వయకర్త, అయోవా స్టేట్ యూనివర్సిటీలోని మాక్స్ రోత్‌షిల్డ్, ఏం చేశారో చూడు. డీఎన్ఏ మార్కర్లు, అంటే జన్యుక్రమంలో ఒక్కో చోటును గుర్తుపట్టే ఆనవాళ్లు, చదవడానికి కావాల్సిన ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కలను మొత్తంగా చేయించి, అడిగిన ల్యాబులకు ఉచితంగా పంపించారు. ఒకసారి ప్రైమర్ తయారు చేయిస్తే ఒక ల్యాబ్ వాడుకోగా ఎంతో మిగిలిపోతుంది. ప్రతి ల్యాబూ విడిగా చేయించుకుంటే అంత ఖర్చూ దండగే. పైగా అందరూ ఒకే మార్కర్లు వాడితేనే ఒకరి జన్యు పటం ఇంకొకరి పటంతో కలుస్తుంది.

తమ్ముడు: ప్రైమర్లు చిన్న విషయం. పెద్ద పనికి వచ్చేసరికి కంపెనీల డబ్బు లేకుండా ఏది జరిగింది?

అక్క: జన్యు ఎంపికే తీసుకో. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్తలు కలిసి ఒక పేపర్ రాశారు. జన్యుక్రమమంతటా వేల మార్కర్లు చదివితే, కూతుళ్లు పాలిచ్చేదాకా ఆగకుండా దూడగా ఉన్నప్పుడే ఆబోతు విలువ అంచనా వేయొచ్చని చూపించారు. అది కంప్యూటర్ లెక్కే. అన్ని వేల మార్కర్లు అప్పట్లో ఎవరి దగ్గరా లేవు. 2009లో ఆవు జన్యుక్రమం ప్రచురించారు, డామినెట్ అనే హెర్‌ఫర్డ్ జాతి ఆవుది. 25 దేశాల నుంచి 300 మందికి పైగా పనిచేశారు. డబ్బు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సంస్థలు కలిసి పెట్టాయి. పేపర్ రాకముందే ముసాయిదా క్రమాలు అందరికీ తెరిచేశారు. కాబట్టే ఒకేసారి 54,001 మార్కర్లు చదివే చిప్ 2008 నాటికి చేతికొచ్చింది. 2009 జనవరిలో అమెరికాలో హోల్‌స్టీన్ అనే పాడి జాతి ఆవులకు జన్యు ఆధారిత అంచనాలు అధికారికంగా మొదలయ్యాయి. కాగితం మీది లెక్క ఎనిమిదేళ్లలో పశువుల కొట్టం దాకా వచ్చింది. మీ కంపెనీ ఇవాళ అమ్మే ప్రతి డోసు వీర్యం వెనకా ఈ ఉమ్మడి పని ఉంది.

తమ్ముడు: కథలో సగమే చెప్పావు. మిగతా సగం నేను చెప్తాను. ఆ చిప్‌కు, ఆ అంచనాలకు పాత ఆబోతుల డీఎన్ఏ ఎక్కడిది? కృత్రిమ గర్భధారణ కంపెనీలు ఏళ్ల తరబడి వీర్యం నమూనాలు ఇస్తూ వచ్చిన నిల్వలోది. కంపెనీలు ఖర్చులో కూడా వాటా పెట్టాయి. బదులుగా వాటికేం దక్కింది? మగ పశువుల జన్యు అంచనాలు పొందే ప్రత్యేక హక్కు, 2013 దాకా. అంటే నువ్వు పొగిడే ఉదాహరణే కొన్నేళ్లు తలుపు వేసుకుని నడిచింది. ఆ హక్కు లేకపోతే కంపెనీలు చేయి కలిపేవా?

(ఇది గట్టి దెబ్బ. ఉమ్మడి వనరుల తరఫున మాట్లాడేవాళ్లు ఈ ప్రత్యేక హక్కు ముచ్చట ఎక్కువగా ఎత్తరు. ఎత్తాలి.)

అక్క: కలిపేవి కాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించు. ఆ హక్కుకు గడువు ఉంది. గడువు తీరాక తలుపు తెరుచుకుంది. గడువు లేని హక్కు గురించి కదా మన గొడవ. ఇంకొకటి, ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలే తమ ఆబోతుల వీర్యాన్ని ఒకే నిల్వలో ఎందుకు పెట్టాయి? ఒక్క కంపెనీ దగ్గరున్న ఆబోతులతో లెక్క తేలదు కాబట్టి. ఐరోపాలో కూడా అంతే. నాలుగు పక్షాలు, ఒక్కోరి దగ్గర దాదాపు 4,000 ఆబోతుల సమాచారం ఉంది. కలిపి 16,000 చేసుకుంటే అంచనాల విశ్వసనీయత సగటున 10 శాతం పెరిగింది. ఎవరూ కొత్తగా ఒక్క పశువును కొనలేదు.

తమ్ముడు: అది క్లబ్బు. నలుగురు సమానులు కలిశారు, తలా ఒక చేయి వేశారు. దానికి నేను వ్యతిరేకం కాదు. వెయ్యి ఆబోతుల జన్యుక్రమాల ప్రాజెక్టు కూడా అలాగే నడిచింది, నీ పశువుల క్రమాలు ఇస్తే మిగతావాళ్లవి వాడుకోవచ్చు. 2014లో తొలి పెద్ద పేపర్ 234 ఆబోతులతో వచ్చింది, తర్వాత పెరుగుతూ పోయింది. ఇచ్చినవాడికే దక్కుతుంది. నువ్వు అడిగేది అది కాదుగా. ఇవ్వనివాడికీ తెరిచిపెట్టమంటున్నావు. రేపు డబ్బున్న పెద్ద సంస్థ ఒకటి వచ్చి అంతా దింపుకుని, తన డేటా ఒక్క ముక్క బయట పెట్టకపోతే?

అక్క: ఆ భయం నాకూ ఉంది. కోళ్ల రంగంలో మేలుజాతి మూల వంశాలు దాదాపు అన్నీ ప్రపంచంలో కొన్ని కంపెనీల చేతుల్లోకి పోయాయి. అవి బహిరంగ డేటా వాడుకుంటాయి, తమది చూపించవు. బాధగానే ఉంటుంది. కానీ మందు ఏమిటి? క్లబ్బు గుమ్మం దగ్గర ఆగిపోయేది ఎవరో ఆలోచించు. పెద్ద కంపెనీ ఆగదు, అది ప్రవేశ రుసుం కట్టగలదు. కరువును, రోగాలను తట్టుకునే చిన్న స్థానిక జాతులను పెంచుకునేవాళ్లు ఆగిపోతారు. వాళ్ల దగ్గర పశువులున్నాయి, సీక్వెన్సింగుకు, అంటే జన్యుక్రమం చదివించడానికి, డబ్బులు లేవు. 2007లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో 109 దేశాలు ఒప్పుకున్న కార్యాచరణ ప్రణాళిక కాపాడాలన్నది అలాంటి జాతులనే.

తమ్ముడు: సరే, లాభం ఏమిటో నికరంగా చెప్పు. 'భవిష్యత్తులో పనికొస్తుంది' అనకు. ప్రతి డేటాబేస్ వాళ్లూ అదే అంటారు.

అక్క: చీఫ్ సంగతి చెప్తాను. 1962లో పుట్టిన హోల్‌స్టీన్ ఆబోతు. 16,000 కూతుళ్లు. దాని వల్ల పాల దిగుబడి ఎంతో పెరిగింది. దాని రక్తంలో ఏపీఏఎఫ్1 అనే జన్యువులో ఒక లోపం కూడా ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు కాపీలూ కలిస్తే పిండం కడుపులోనే పోతుంది. దశాబ్దాల పాటు ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? రోగమున్న దూడ పుడితే కదా చూడటానికి! రైతుకు కనిపించేది ఆవు ఈసుకుపోవడం, మళ్లీ ఎదకు రావడం, అంతే. 2011లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త వాన్‌రాడెన్ బృందం తిరగేసి ఆలోచించింది. వేల పశువుల జన్యు వివరాలు ముందు పెట్టుకుని, లెక్క ప్రకారం ఉండాల్సిన జంట కాపీలు ఎక్కడ అసలు లేవో వెతికింది. లేనిదాన్ని వెతకడానికి ఎన్ని పశువులు కావాలో నీకు తెలుసు. వందల్లో అయితే యాదృచ్ఛికం అనుకుంటాం. వేలల్లో, అన్ని కంపెనీలవీ ఒకేచోట ఉంటేనే ఆ ఖాళీ కనిపిస్తుంది. 2016లో అసలు లోపం దొరికింది. అప్పటికి ప్రపంచమంతటా 5 లక్షలకు పైగా చూడి ఆవులు దీనివల్ల ఈసుకుపోయాయని అంచనా, నష్టం దాదాపు 42 కోట్ల డాలర్లు. ఆ డేటా ఇంకో పదేళ్లు ముందు కలిసి ఉంటే?

తమ్ముడు: ... అది నేను కాదనను.

అక్క: కాదనవని తెలుసు. నువ్వే ఆ పేపర్ నాకు పంపించావు.

తమ్ముడు: కానీ అక్కడ అసలు సొత్తు జన్యు వివరాలు కాదక్కా, పాల రికార్డులు, చూడి రికార్డులు. నెలనెలా లెక్క రాయించి, దానికి రుసుం కట్టింది రైతులు. మనం 'తెరిచిపెడదాం' అంటున్నది వాళ్ల కొట్టంలోని సమాచారం. శాస్త్రవేత్తలు ఇద్దరు కూర్చుని వాళ్ల తరఫున ఉదారంగా ఎలా ఇచ్చేస్తారు?

(ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చిప్ ఏటేటా చవకవుతోంది. కొలత చవక కావడం లేదు. ఒక ఆవు రోజుకు ఎంత మేత తిన్నదో తెలియాలంటే దాని గాటిలో మేత వేసేముందు, తిన్నాక తూయాలి, అలా వారాల తరబడి. మేత లెక్కలు తక్కువై 9 దేశాల పరిశోధకులు తమవి కలుపుకోవాల్సి వచ్చింది. కొలిచేవాళ్లకు ఏమీ దక్కకపోతే కొలవడం ఆగిపోతుంది. అప్పుడు డేటాబేస్ ఎంత పెద్దదైనా లోపల ఖాళీయే.)

అక్క: అందుకే రైతు పేరు, ఊరు తీసేసి సంకేతాలతో ఇవ్వాలి. ఎవరు వాడుకుంటున్నారో వాళ్లకు తెలియాలి. ముఖ్యంగా అంచనాలు తిరిగి వాళ్లకే ఉచితంగా చేరాలి. రికార్డు ఇచ్చిన రైతు తన దూడ విలువ తెలుసుకోవడానికి మళ్లీ డబ్బు కడితే అది అన్యాయమే. ఈ షరతు ప్రతిపాదనలో లేదు. నువ్వు రాయి, నేను సంతకం పెడతాను.

తమ్ముడు: రాస్తాను. అయినా వాటా మాత్రం ఐదేళ్లకోసారి పోటీకి పెట్టాలంటాను.

అక్క: డేటాబేస్‌కు అయితే సరే. వాడకం పడిపోతే ఆపేయండి, ఫైళ్లు దాచుకోవచ్చు. కోళ్లను ఏం చేస్తావు? అమెరికాలోని ఈస్ట్ లాన్సింగ్‌లో 1939లో మొదలైన ప్రయోగశాల సంగతి చూడు. కోళ్లకు వైరస్ వల్ల వచ్చే మారెక్ రోగాన్ని తట్టుకునే వంశం ఒకటి, దానికి లొంగిపోయే వంశం ఒకటి, తరతరాలుగా విడివిడిగా పెంచుతూ వచ్చారు. తేడా ఏ జన్యువుల్లో ఉందో వెతకాలంటే ఆ రెండూ బతికి ఉండాలి. ఆబోతు వీర్యంలా కోడి గుడ్డును గడ్డకట్టించి దాచలేం. పుంజు వీర్యం దాచినా చాలా వంశాల్లో గుడ్లు సరిగా పొదగవు. పక్షి ప్రాథమిక బీజకణాలు, అంటే పిండంలో ముందుముందు అండంగా, వీర్యకణంగా మారే కణాలు, దాచే పద్ధతి వచ్చింది, కానీ దానికీ నైపుణ్యం, డబ్బు కావాలి. కాబట్టి ఏటా పొదిగించాలి, మేపాలి, రక్తం కలవకుండా చూసుకోవాలి. ఒక్క ఏడాది డబ్బు ఆగితే అంతే. ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి ఎన్నో వంశాలు పోయాయి. చెడ్డవని కాదు, చూసుకునే ప్రొఫెసర్ రిటైరయ్యాడని. 2004లో కోడి జన్యుక్రమం చదివింది కూడా ఇలా దాచుకున్న ఎర్ర అడవికోడి వంశంలోని పెట్టదే. దగ్గరి రక్తంలోనే తరాలుగా కలిపినందువల్ల దాని రెండు కాపీలూ దాదాపు ఒకటే, అందుకే ముక్కలు అతికించడం తేలికైంది. ఆ వంశాన్ని మొదలుపెట్టినవాళ్లు ఏ గ్రాంటు దరఖాస్తులో రాసి ఉంటారు 'దీనితో జన్యుక్రమం చదువుతాం' అని?

తమ్ముడు: రాసి ఉండరు. ప్రాణమున్నవాటికి పోటీ వద్దు, ఒప్పుకున్నాను. డేటాబేస్‌లకు ఐదేళ్లకోసారి సమీక్ష. కంపెనీ డేటాకు రెండేళ్ల గడువు, తర్వాత తెరవాలి.

అక్క: ఏడాది.

తమ్ముడు: ఏడాదిలో ఒక్క ఈత కూడా పూర్తవదక్కా. ఇవాళ చూడి కట్టించిన ఆవు ఈనేసరికే తొమ్మిది నెలలు దాటుతుంది. పాల లెక్క రావాలంటే ఇంకా పది నెలలు.

అక్క: ఆవులకు రెండేళ్లు, కోళ్లకు ఏడాది. డబ్బు లేని చిన్న జాతులవాళ్లకు ప్రవేశ రుసుం లేదు, సీక్వెన్సింగ్ ఖర్చు ఉమ్మడి వాటాలోంచే.

తమ్ముడు: ఆ చివరిదానికి మా కంపెనీ ఒప్పుకోదు.

అక్క: మీ కంపెనీ సంగతి తర్వాత. నువ్వు?

తమ్ముడు: ...ముందు రైతుల షరతు రాయనీ. దాని కింద నీది రాద్దాం.